సెయిన్ నదిలో కలిసిన బొమ్మలు

ఈ వేసవి సెలవులంతా విజయనగరంలో మా ఇంటి భోజనాల బల్ల మీద రంగుల గిన్నెలే. ఇంటర్ చదివే మా అమ్మాయి ఒక పాటకి కదిలే బొమ్మలు చేత్తో వేస్తోంది. సెకనుకి 12 బొమ్మలట, మూడు నిమిషాల పాటకి 2,160! కంప్యూటరుండగా ఎందుకే ఈ అవస్థ అని విసుక్కుంటే ఎమిలీ రేనో కథ చెప్పింది. అప్పట్నుంచీ ఆయన నా మనసులోంచి పోవడం లేదు.

రేనో 1844లో పారిస్ పక్కనున్న మోంత్రయ్‌లో పుట్టాడు. తండ్రికి యంత్రాలతో పని. తల్లి నీటిరంగుల బొమ్మలు వేసేది. కొడుక్కి కుంచె పట్టడం నేర్పింది ఆవిడే. (ఆ తల్లి గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు, అది వేరే సంగతి!)

1877లో ప్రాక్సినోస్కోపు అనే ఆటవస్తువు చేశాడు. గుండ్రటి డబ్బాలో బొమ్మల పట్టీ, మధ్యలో అద్దాలు. తిప్పితే బొమ్మ గెంతుతుంది. అంతటితో ఆయనకి తృప్తి లేదు. బొమ్మ తెరమీద పడాలి, కథ నడవాలి. 1888లో అలాంటి యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు.

1892 అక్టోబరు 28న పారిస్‌లోని గ్రెవాన్ మ్యూజియంలో మొదటి ఆట. లూమియేర్ సోదరులు జనానికి సినిమా చూపించడానికి ఇంకా మూడేళ్లుంది. పాపం పియరో అనే కథ ఒక్కదానికే 500 బొమ్మలు, అన్నీ పల్చటి జిలటిన్ పలకల మీద చేత్తో రంగులద్దినవే. గాస్తాఁ పొలాఁ కట్టిన సంగీతం పియానో మీద మోగుతుంటే, రేనో తెరవెనక నిలబడి పట్టీని ముందుకీ వెనక్కీ తిప్పేవాడు. చిన్నప్పుడు శ్రీకాకుళంలో అమ్మమ్మగారింటి దగ్గర చూసిన తోలుబొమ్మలాట గుర్తొచ్చింది నాకు. రంగులద్దిన తోలు, వెనక దీపం, పాటకి తగ్గట్టు ఆడే చేతులు!

1900 దాకా 12,000 పైచిలుకు ఆటలు, 5 లక్షల మంది ప్రేక్షకులు. కానీ కెమెరా సినిమా వచ్చాక, నెలల తరబడి బొమ్మలు వేసుకునేవాడి కోసం ఎవరాగుతారు చెప్పండి? ఆట మూతబడింది. దిగులుతో యంత్రాన్ని పగలగొట్టి, పట్టీల్లో చాలావాటిని సెయిన్ నదిలో పారేశాడు. 1918లో ధర్మాసుపత్రిలో పోయాడు. ఆ ఆటల్లో మిగిలినవి రెండే. పియరో కథ ఒకటి, సముద్రపు ఒడ్డున స్నానాల గది చుట్టూ నడిచే కథ ఇంకొకటి.

ఆ సాయంత్రం పాత పేపర్లవాడికి వెయ్యడానికి కట్టిన కట్ట విప్పాను. పాడయ్యాయని మా అమ్మాయి పక్కన పడేసిన బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. ఏరి, బీరువా కింది అరలో పెట్టాను. దానికింకా చెప్పలేదు.