ఇంటింటికీ వచ్చే గోళీ వెనక మన తెలుగు డాక్టరు: యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఈసారి సంచికలో ఒక మహానుభావుని జీవితం చెప్పుకుందాం. ఆయన మన కులస్తుడు కాదు, మగ్గం మీద కూర్చున్నవాడూ కాదు. కానీ చేనేత గుడ్డ కట్టుకున్నందుకు చదువులో నష్టపోయినవాడు. ఆయన ఆధ్వర్యంలో తయారైన మందే నేటికీ మన చంద్రపూర్ జిల్లాలో ఇండ్లకు వస్తున్నది.

మన సాస్తి బొగ్గు గనుల ఊరు. గనిలో పర్మినెంటు నౌకరీ ఉన్నోళ్లకు కంపెనీ దవాఖాన ఉంటది. కాంట్రాక్టు కూలి, కుట్టుపని, చిన్న దుకాణం మీద బతికే ఇంటికి మాత్రం సర్కారు దవాఖాన, లేదంటే పైసలు పెట్టి ప్రైవేటు. ఈ రెండింట్లో ఏది మేలు అని నలుగురు కూడినప్పుడు వాదించుకుంటాం. సుబ్బారావు గారి కథ వింటే ఆ వాదానికి కొంత జవాబు దొరుకుతుంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేద కుటుంబం. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లారు. తెల్లదొర ప్రొఫెసరుకు అది కోపం తెప్పించింది. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు సోకితే ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం తీసుకుని 1922లో అమెరికా చేరారు. ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ హార్వర్డులో చదివారు. ఫిస్కేతో కలిసి 1925లో శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి చెప్పారు. తర్వాత మన కండరాలకు శక్తి ఎట్లా అందుతుందో తేల్చే పరిశోధన చేశారు. అంత చేసినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీలో చేరి, పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దీని వెనక మన బట్టల పనివాళ్ల కథ ఉంది. అంతకుముందే లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టులో ఏదో పదార్థం దాన్ని నయం చేస్తుందని గమనించారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. సుబ్బారావు గారి అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూకూ అది పనికొచ్చింది. ఈరోజు ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఉచితంగా ఇచ్చే గోళీలో ఉన్నది అదే.

రెండోది బోదకాలు మందు. మరాఠీలో హత్తీపాయ్ అంటారు కదా, అదే. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఈ జబ్బు అంటుకుంది. సుబ్బారావు గారి బృందం 1947లో హెట్రజాన్ అనే మందును తెచ్చింది. మనం డి.ఇ.సి. గోళీ అనేది దాన్నే. మరుసటి ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఇక అసలు సంగతి. మందు తయారవడానికి కంపెనీ ప్రయోగశాల, పెట్టుబడి కావాల్సి వచ్చాయి. కానీ బోదకాలు పురుగు ఏండ్ల తరబడి ఏ బాధా లేకుండా ఒంట్లో ఉంటది. దోమ ఆ రక్తం తాగి పక్కింటికి మోస్తది. కాబట్టి జబ్బు ఆగాలంటే ఆరోగ్యంగా కనిపించేవాళ్లు కూడా గోళీ మింగాలి. జబ్బు లేదనుకున్నవాడు దుకాణానికి పోయి మందు కొంటాడా? కొనడు. అందుకే ఈ పని బజారుతో కాదు. ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం పెట్టింది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో అందరికీ గోళీలు పంచడం మొదలైంది. కంపెనీ లేకుంటే ఆ గోళీ పుట్టేది కాదు, సర్కారు లేకుంటే మన గడప దాకా వచ్చేది కాదు.

మూడో పాత్ర మనది. ఆశా వర్కరు ఇచ్చిన గోళీని తర్వాత వేసుకుంటామని గూట్లో పెడితే ఇంత కష్టమూ వృథా. ఏదైనా తిన్నాక, ఆమె ముందే మింగాలి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుతో ఉన్నవాళ్లు వేసుకోవద్దు. కొందరికి జ్వరమో తలనొప్పో రావచ్చు. లోపలి పురుగులు చస్తుంటే అట్లా అవుతుంది, మామూలుగా అదే తగ్గిపోతది. ముదిరిన కాలివాపును ఈ గోళీ పూర్వం లెక్క చెయ్యలేదు, అందుకే ముందే మింగాలి.

మన సంఘాల పెద్దలు, యువకులు పంపిణీ రోజున ఆశా వర్కర్ల వెంట వాడలో తిరగాలని సవినయంగా కోరుతున్నాం. ఖద్దరును గౌరవించిన ఆ డాక్టరుగారికి నేతన్నల బిడ్డలు ఇవ్వగల నివాళి ఇదే.