అగస్టీన్ చివరి సాకు

బైబిల్ భాష మోటుగా ఉందంటారు కొందరు. దేవుడు మంచివాడైతే లోకంలో ఇంత చెడు ఎందుకని అడుగుతారు ఇంకొందరు. విశ్వాసం మనసులో ఉంటే చాలదా, చర్చికి ఎందుకనేవాళ్లూ ఉన్నారు. ఇవి కొత్త మాటలేమీ కావు. 1600 ఏళ్ల క్రితమే ఇలాంటి అభ్యంతరాలతో ఏళ్ల తరబడి దేవునికి దూరంగా తిరిగిన ఒక మేధావి, ఆ తర్వాత సంఘచరిత్రలోనే మహా వేదాంతి అయ్యాడు. ఆయనే అగస్టీన్.

354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తేలో పుట్టాడు. ఆ ఊరు నేటి అల్జీరియాలో ఉంది. తల్లి మోనికా ప్రార్థనాపరురాలు. కార్తేజ్‌లో చదువుకుంటూ 19వ ఏట సిసెరో పుస్తకమొకటి చదివి జ్ఞానం కోసం తపించిపోయాడు. ఆ తపనతోనే బైబిల్ తెరిచాడు. సిసెరో సొగసైన లాటిన్ ముందు ఆ అనువాదం పల్లెటూరి భాషలా తోచి మూసేశాడు. తర్వాత తొమ్మిదేళ్లు మానీ మతస్థులతో తిరిగాడు. వెలుగు, చీకటి అనే రెండు శక్తుల పోరాటమే లోకమని వారి బోధ. పాపం చేసేది నేను కాదు, నాలోని చీకటి అనుకోవచ్చు. ఎంత సుఖమైన సిద్ధాంతమో చూడండి! అయితే వారి గొప్ప బోధకుడైన ఫాస్టస్ తీయగా మాట్లాడాడే తప్ప అగస్టీన్ ప్రశ్నలకు జవాబివ్వలేకపోయాడు.

384లో మిలాన్‌లో వక్తృత్వశాస్త్ర బోధకుడిగా ప్రభుత్వ ఉద్యోగం దొరికింది. అక్కడి బిషప్ అంబ్రోస్ మంచి వక్త అని విని, ఆ వాగ్ధాటి కోసమే చర్చికి వెళ్లాడు. మాటల వెంట భావమూ లోపలికి దిగింది. పాత నిబంధన మీదున్న అభ్యంతరాలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. ప్లేటో అనుచరుల గ్రంథాలు చదివాక, చెడు ఒక వేరే శక్తి కాదనీ, మేలు లోపించడమేననీ బోధపడింది. అగస్టీన్ సందేహాలు దొంగ సందేహాలు కావు, వాటికి జవాబు అవసరమే. అడిగేవాణ్ణి గద్దించి పంపే మన సంఘాలు అంబ్రోస్‌ను చూసి నేర్చుకోవాలి.

జవాబులన్నీ దొరికాయి. అయినా అగస్టీన్ రాలేదు!

వయసులో ఉన్నప్పుడు ఆయన పవిత్రత కోసం ప్రార్థించేవాడు, వెంటనే మాత్రం ఇవ్వొద్దని వేడుకునేవాడు. దాదాపు 15 ఏళ్లు ఒక స్త్రీతో కాపురం చేశాడు, అదియోదాతుస్ అనే కొడుకు పుట్టాడు. హోదాకు తగిన సంబంధం కుదిరేసరికి ఆమెను ఆఫ్రికాకు పంపేశారు. మరో పురుషుణ్ణి ఎరుగనని దేవునికి మొక్కుకుని ఆమె వెళ్లిపోయింది. పెళ్లికూతురికి వయసు రావడానికి రెండేళ్లు ఆగాలి. అదీ ఆగలేక అగస్టీన్ ఇంకో స్త్రీని తెచ్చుకున్నాడు. తన ఆత్మకథలో ఈ సిగ్గంతా దాచకుండా రాసుకున్నాడు కానీ, ఆ మొదటి స్త్రీ పేరు మాత్రం రాయలేదు. అక్కడికి వచ్చేసరికి నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే వస్తుంది.

ఆ రోజుల్లోనే సింప్లిషియానస్ అనే వృద్ధ సేవకుడు ఆయనకు విక్టోరినస్ సంగతి చెప్పాడు. విక్టోరినస్ రోమ్‌లో నిలువెత్తు గౌరవం పొందిన పండితుడు, ఆయనకు విగ్రహం కూడా పెట్టారు. లేఖనాలు చదివి, తాను క్రైస్తవుణ్ణేనని రహస్యంగా చెప్పేవాడు. చర్చికి రమ్మంటే, మనిషిని క్రైస్తవుణ్ణి చేసేది గోడలా అని నవ్వేవాడు. అసలు సంగతి గోడలు కాదు, పెద్దింటి స్నేహితులేమంటారోనన్న భయం. చివరికి ఒకరోజు తనే చర్చికి పోదామన్నాడు. విశ్వాసాన్ని చాటుగా ఒప్పుకునే వీలు కల్పిస్తామన్నా వద్దని, అందరి ఎదుటా ఒప్పుకున్నాడు. ఆ కథ అగస్టీన్‌కు ముల్లులా గుచ్చుకుంది.

386 ఆగస్టులో ఇంటి తోటలో ఏడుస్తూ ఉండగా, తీసి చదవమంటున్న పసిగొంతు పొరుగింటి నుంచి వినిపించింది. పౌలు పత్రిక తెరిస్తే రోమా 13వ అధ్యాయం చివరి మాటలు కంటపడ్డాయి. వాటిలో తర్కం లేదు. కామవికారాలు విడిచి క్రీస్తును ధరించుకోమన్న పిలుపే ఉంది. 387 ఈస్టరుకు కొడుకుతో, స్నేహితుడు అలిపియస్‌తో కలిసి అంబ్రోస్ చేత బాప్తిస్మం పొందాడు. ఏళ్ల తరబడి కన్నీళ్లతో ప్రార్థించిన మోనికా ఆ ఏడాదే కన్నుమూసింది.

ఆ తర్వాత 30 ఏళ్లకు పైగా హిప్పో నగరానికి బిషప్‌గా ఉండి, ఇతరుల అభ్యంతరాలకు జవాబులు రాస్తూ గడిపాడు. 430లో వాండల్ సైన్యం నగరాన్ని ముట్టడించి ఉండగా జబ్బుపడ్డాడు. పశ్చాత్తాప కీర్తనలను రాయించి మంచం దగ్గరి గోడకు పెట్టించుకున్నాడు. ఒకప్పుడు మోటుగా ఉందని మూసేసిన గ్రంథంలోని ఆ మాటల్నే చదువుకుంటూ, ఏడుస్తూ చివరి రోజులు గడిపాడు.