పక్షి బాంధవుడు సలీం అలీ

పరిగి ప్రాంతమున జొన్న కంకులు పాలుపోసుకొను వేళ రామచిలుకలు గుంపులుగా వచ్చి చేలపై వ్రాలును. అన్నియు ఒకే పచ్చదనముతో, ఒకే కూతతో ఉన్నట్లు తోచును. మెడపై గులాబిరంగు పట్టె గలది మగచిలుక యనియు, అది లేనిది ఆడచిలుకయో పిల్లచిలుకయో యనియు పరికించి చూచినవారు చెప్పగలరు. కాని నిన్న వచ్చిన చిలుకయే నేడు మరల వచ్చినదా యని అడిగినచో బదులు చెప్పుట కష్టము. పక్షులను వేరువేరుగా గుర్తించు విద్యకు మన దేశమున బాటలు వేసిన మహనీయుడు సలీం అలీ.

ఆయన 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. మూడేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామయగు అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగెను. బాల్యమున ఒకనాడు అతడు చిన్న తుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని గొంతుపై పసుపుపచ్చని మచ్చ కనబడెను. అది యే జాతిదో తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోగా, కార్యదర్శి మిల్లార్డు దొర దాని పేరు చెప్పి, అచట భద్రపరచిన వందలాది పక్షులను చూపెను. పిచ్చుకలన్నియు ఒక్కటే యనుకొన్న బాలునికి ఆనాడు క్రొత్త లోకము గోచరించెను.

అయినను ఆయన జీవనమార్గము సుగమము కాలేదు. బర్మాలో చేసిన వ్యాపారము కలసిరాలేదు. 1929లో జర్మనీకేగి బెర్లిను నగరమున స్ట్రెసెమాన్ పండితునికడ పక్షిశాస్త్రము నభ్యసించెను. 1930లో తిరిగి వచ్చునప్పటికి చేతిలో ఉద్యోగము లేదు. అంతట ఆయన భార్య తెహ్మినాతో కీహిమ్ అను సముద్రతీర గ్రామమునకు చేరి, గిజిగాండ్ల గూళ్లచెంత దినముల తరబడి మాటువేసి కూర్చుండెను. ఒక్కొక్క పక్షి నడవడిని విడిగా గమనించెను. మగ గిజిగాడు ఒకదాని తరువాత ఒకటిగా గూళ్లల్లి, వేరువేరు ఆడపక్షులతో కాపురము చేయునని వెల్లడించెను. పని లేని కాలమే ఆయనకు పేరు తెచ్చిన కాలమయ్యెను.

1931-32 సంవత్సరములలో ఆయన హైదరాబాదు సంస్థానమున పక్షులను పరిశీలించెను. పరిగి సీమయు నాడు ఆ సంస్థానములోనిదే. తనకు జీతమక్కరలేదనియు, ఖర్చులు భరించిన చాలుననియు ఆయన కోరగా నిజాం ప్రభుత్వము సమ్మతించెను. నల్లమల యందలి ఫరహాబాదు మొదలగు అడవులలో ఆయన సంచరించెను. దట్టమైన అడవిలో పక్షి కంటబడుటకు ముందు దాని కూతయే చెవిని పడును. కావుననే 1941లో వెలువడిన తన పుస్తకమున పక్షుల రూపముతోపాటు వాని కూతలను గూడ వర్ణించెను. అంతకు ముందే, 1939లో, తెహ్మినా మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి ఆయన తన కృషిని కొనసాగించెను.

ఒకే జాతిలోని పక్షులను విడివిడిగా గుర్తించుటకు కాలికి అంకె గల తేలికయైన కడియము తొడుగుట ఒక మార్గము. 1959 మొదలుకొని ఆయన ఆధ్వర్యమున వేలకొలది వలస పక్షులకు అట్టి కడియములు తొడిగిరి. కాని కడియము వేయవలెనన్న పక్షిని పట్టవలెను. పట్టకయే గుర్తించు ఉపాయము పిదపి తరమువారికి దొరకెను. స్పెయిను దేశపు బార్సిలోనా నగరమున స్వేచ్ఛగా తిరుగు చిలుకలకు మొదట గుర్తుబిళ్లలు కట్టి, వాని కూతలను యంత్రములలో భద్రపరచి పోల్చి చూచిరి. మనుష్యులకువలెనే చిలుకకు చిలుకకు గొంతులో భేదము కలదని 2023లో ప్రకటించిరి.

సలీం అలీ ఆ వార్త వినుటకు లేడు. పద్మభూషణ, పద్మవిభూషణ బిరుదములంది, 1985లో రాజ్యసభ సభ్యుడై, 1987 జూన్ 20వ తేదీన ఆయన పరమపదించెను. పిచ్చుకను కొట్టిన బాలుడు పక్షులకు రక్షకుడయ్యెను. ఓపికతో చూచి, చెవియొగ్గి విన్నవారికి గుంపులోని ప్రతి ప్రాణియు తానొక్కతెగా కనబడునని ఆయన జీవితము బోధించుచున్నది.