బెర్లిన్‌లో స్వాతంత్ర్య యత్నం, స్టాలిన్ చెరలో అంతం
హైదరాబాద్ విప్లవకారుడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ జీవితం

మిడిల్ పాయింట్ (పోర్ట్ బ్లెయిర్): 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలును ముట్టడించి, అందులోని రాజకీయ ఖైదీలను విడిపించాలని మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఒక పథకం రూపొందింది. జర్మన్ నావికుల సహాయంతో 1915 చివరలో దీనిని అమలు జరపాలన్నది ఉద్దేశం. అయితే పథకంలో భాగస్వామి అయిన జర్మన్ ఏజెంటు ఒకడు బ్రిటిష్ వారికి లొంగిపోయి గుట్టు విప్పడంతో అది కాగితాలకే పరిమితమయింది. భారతదేశంలో తిరుగుబాటు లేవదీసేందుకు జర్మనీ నుంచి సాగిన ఇటువంటి యత్నాలకు కేంద్రమైన బెర్లిన్ కమిటీకి ఆయువుపట్టుగా వ్యవహరించిన వ్యక్తి హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడన్న సంగతి తెలుగు దేశంలో నేడు బహు కొద్దిమందికే తెలుసు.

ఆయనే వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. యూరప్‌లోని విప్లవకారులందరికీ ‘చట్టో’గా పరిచితుడు. కవయిత్రి సరోజినీ నాయుడుకు తమ్ముడు. కవి, నటుడు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయకు అన్న.

చట్టో 1880లో జన్మించాడు. తండ్రి డాక్టర్ అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఎడిన్‌బరోలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేట్ పొంది, నిజాం సంస్థానంలో ఆధునిక విద్యకు పునాదులు వేసినవారిలో ప్రముఖుడు. నిజాం కళాశాల ప్రథమ ప్రిన్సిపాల్‌గా ఆయన పేరు చిరస్మరణీయం. చాందా రైల్వే పథకంలో సంస్థానానికి జరుగుతున్న నష్టాన్ని ప్రశ్నించినందుకు 1883లో ఆయనను హైదరాబాద్ నుంచి బహిష్కరించడం జరిగింది. ప్రభుత్వాలతో తగవు ఆ ఇంటికి కొత్త కాదన్నమాట. బెంగాలీ మాతృభాష అయినప్పటికీ ఆ ఇంటి పిల్లలు తెలుగు, ఉర్దూ వింటూ పెరిగారు. తరువాతి కాలంలో ఫ్రెంచి, జర్మన్, స్వీడిష్, రష్యన్ భాషలను కూడ చట్టో వశపరచుకున్నాడు.

ఐ.సి.ఎస్. పరీక్షకై ఇంగ్లండు వెళ్ళిన ఆ యువకుడు అందులో నెగ్గలేదు. మిడిల్ టెంపుల్‌లో న్యాయశాస్త్ర విద్యార్థిగా చేరి, లండన్‌లోని ఇండియా హౌస్‌కు రాకపోకలు సాగిస్తూ వినాయక్ దామోదర్ సావర్కర్‌కు సన్నిహితుడయ్యాడు. 1909 జులై 1న మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చిచంపిన తరువాత సావర్కర్‌ను సమర్థిస్తూ చట్టో పత్రికకు లేఖ వ్రాశాడు. ఫలితంగా మిడిల్ టెంపుల్ ఆయనను బహిష్కరించింది. 1910లో అరెస్టు తప్పదని గ్రహించి పారిస్ చేరుకున్నాడు. అదే సంవత్సరం అరెస్టయిన సావర్కర్‌ను 1911లో అండమాన్ తరలించారు. ఒకరికి ద్వీపాంతరం, మరొకరికి దేశాంతరం. చట్టో మరల స్వదేశం చూడలేదు.

1914 ఏప్రిల్‌లో ఆయన జర్మనీ చేరుకున్నాడు. కొద్ది నెలల్లోనే యుద్ధం వచ్చిపడింది. శత్రువుకు శత్రువు మిత్రుడన్న న్యాయం ప్రకారం జర్మన్ విదేశాంగ శాఖ భారత విప్లవకారులను చేరదీసింది. భూపేంద్రనాథ్ దత్తా, చంపకరామన్ పిళ్ళై, హర్‌దయాళ్ ప్రభృతులు కమిటీలో పనిచేశారు. జర్మనీ ఇచ్చే ధనాన్ని దానంగా కాక, స్వాతంత్ర్యానంతరం తీర్చవలసిన జాతీయ ఋణంగా పరిగణించాలని కమిటీ పట్టుబట్టడం గమనార్హం. చేయి చాచినా తల వంచరాదన్నది వారి పట్టుదల.

కాని ఆయుధాలు గమ్యం చేరలేదు. అమెరికా నుంచి ఆయుధాలతో బయలుదేరిన ‘యానీ లార్సెన్’ ఓడ, వాటిని అందుకోవలసిన ‘మావెరిక్’ ఓడను కలుసుకోలేకపోయి 1915 జూన్‌లో అమెరికా అధికారుల చేతికి చిక్కింది. ఒడిశా తీరంలో ఆయుధాల కోసం నిరీక్షించిన జతీన్ ముఖర్జీ బాలాసోర్ వద్ద పోలీసులతో పోరాడి అదే ఏడు సెప్టెంబరు 10న అసువులు బాశాడు. బెర్లిన్‌కు భారతదేశం అవసరం బ్రిటన్‌ను ఇబ్బంది పెట్టేంతవరకేనని చట్టోకు క్రమంగా బోధపడింది. 1917లో ఆయన స్టాక్‌హోం చేరి, అక్కడికి వచ్చే సోషలిస్టులకు, రష్యన్ బోల్షెవిక్కులకు భారత సమస్యను వినిపించసాగాడు.

1918 నవంబర్‌లో కైజర్ సింహాసనం కూలింది. కమిటీ రద్దయింది. 1921లో చట్టో కొందరు సహచరులతో మాస్కో వెళ్ళి తమ ప్రణాళికను కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ ముందుంచాడు. అక్కడ ఎం.ఎన్. రాయ్ మాట చెల్లింది. రిక్తహస్తాలతో తిరిగివచ్చిన చట్టోకు జర్మనీ కొత్త రిపబ్లిక్ రాజధానియే మరల శరణ్యమైంది.

ఆ రిపబ్లిక్ స్థితి అంతంతమాత్రం. ఓడిన దేశానికి యుద్ధ పరిహారం గుదిబండ అయింది. 1923 నవంబర్ నాటికి ఒక డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. మధ్యతరగతి వారు జీవితకాలం కూడబెట్టుకున్న సొమ్ము రొట్టె ముక్కకు కూడ చాలకుండా పోయింది. ఈ ఇక్కట్ల నడుమ చట్టో, అమెరికన్ రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీ కలసి కాపురం చేశారు. పేదరికం, అనారోగ్యం, ఎడతెగని అతిథులు, గూఢచారుల నిఘా వారి సంసారాన్ని కుంగదీశాయి. తెలుగు పాఠకులకు ‘భూమిపుత్రిక’గా పరిచయమైన ఆమె నవలలోని ఆనంద్ పాత్రకు మూలం చట్టోయే. నవల వెలువడిన 1929 నాటికి వారిరువురూ విడిపోయారు. దేశభక్తుడి ఇంటిలో స్త్రీ మోసిన బరువు ఎంతటిదో ఆ గ్రంథం చదివిన వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఒడిదుడుకులు ఎన్ని ఉన్నా, ఆ రిపబ్లిక్ పరాయి దేశస్తులకు నోరు విప్పే స్వేచ్ఛ ఇచ్చింది. చట్టోను పంపివేయవలసిందిగా బ్రిటన్ ఒత్తిడి తెచ్చినప్పటికీ ఆయన బెర్లిన్‌లో సమాచార కేంద్రం నడిపాడు, పత్రికలకు వ్రాశాడు, భారతీయ విద్యార్థులకు దారి చూపాడు. 1927 ఫిబ్రవరిలో బ్రసెల్స్‌లో జరిగిన మహాసభలో సామ్రాజ్యవాద వ్యతిరేక లీగ్ ఏర్పడినప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ కార్యవర్గంలో చేరగా, బెర్లిన్ కార్యాలయంలో కార్యదర్శి బాధ్యతలు చట్టోపై పడ్డాయి. ఆయన జీవితంలో ఫలవంతమైన కాలం ఇదేననవచ్చు.

అంతలో మాస్కో విధానం మారింది. సోషల్ డెమోక్రాట్లను, జాతీయ కాంగ్రెస్ వంటి సంస్థలను శత్రువులుగా పరిగణించాలన్న ఆదేశం వచ్చింది. అప్పటికే జర్మన్ కమ్యూనిస్టు పార్టీలో చేరిన చట్టో ఆ బాటనే నడిచాడు. నెహ్రూతో సంబంధాలు చెడి, 1930లో లీగ్ ఆయనను బహిష్కరించింది. ఈ విషయంలో చట్టోను సమర్థించడం కష్టం. జర్మనీలో సైతం వామపక్షాలు రెండూ పరస్పరం కత్తులు నూరుకుంటుండగా, 1928లో 12 స్థానాలు గెలిచిన నాజీ పార్టీ 1930 సెప్టెంబరు ఎన్నికలలో 107 స్థానాలు కైవసం చేసుకున్నది. 1932లో నిరుద్యోగుల సంఖ్య 60 లక్షలు దాటింది. 1933 జనవరి 30న హిట్లర్ చాన్సలర్ అయ్యాడు.

చట్టో అప్పటికి బెర్లిన్‌లో లేడు. 1931లోనే సోవియట్ యూనియన్‌కు తరలిపోయాడు. బెర్లిన్‌లో మిగిలిన ఆయన సహచరుడు ఎ.సి.ఎన్. నంబియార్‌ను పార్లమెంటు భవన దహనం తరువాత నాజీలు నిర్బంధించి దేశం నుంచి వెళ్ళగొట్టారు. అదే నంబియార్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బెర్లిన్‌లోనే సుభాష్ చంద్రబోస్‌కు కుడిభుజంగా వ్యవహరించడం, స్వతంత్ర భారత రాయబారిగా పశ్చిమ జర్మనీలో పనిచేయడం చరిత్ర చిత్రాలలో ఒకటి. ఇక బోస్ 1943 డిసెంబరు 30న జపాన్ ఆక్రమణలో ఉన్న పోర్ట్ బ్లెయిర్‌లోనే త్రివర్ణ పతాకం ఎగురవేశాడు.

చట్టో లెనిన్‌గ్రాడ్‌లో విజ్ఞాన పరిషత్తుకు చెందిన మానవజాతి శాస్త్ర సంస్థలో భారత విభాగాన్ని నిర్వహించాడు. మిడిల్ పాయింట్‌లోని మానవశాస్త్ర ప్రదర్శనశాల వంటిదే అక్కడిదీను, కాకపోతే అతి పురాతనమైనది. సహోద్యోగిని లిడియా కరునోవ్‌స్కాయాను వివాహమాడాడు. ఆమె ఇండోనేసియా జాతుల అధ్యయనంలో నిపుణురాలు. జీవితం చివరకు ఒక గాడిన పడినట్లే కనిపించింది.

1937లో స్టాలిన్ ప్రభుత్వం జరిపిన అరెస్టుల పరంపరలో విదేశీ విప్లవకారులు మొదటి వరుసలో నిలిచారు. జర్మనీలో గడపడమే, జర్మన్లతో పరిచయమే నేరమయింది. ఆ జులైలో చట్టోను పట్టుకుపోయారు. సెప్టెంబరు 2న మరణశిక్ష అమలు జరిగింది. బ్రిటిష్ గూఢచారులు పాతికేళ్ళకు పైగా వెంటాడి పట్టుకోలేకపోయిన వ్యక్తిని ఆయన నమ్ముకున్న ప్రభుత్వం రెండు నెలల లోపే అంతం చేసింది. ఆ అక్టోబరులో మరో భారత విప్లవకారుడు అవనీ ముఖర్జీకి కూడ అదే గతి పట్టింది.

చట్టో ఎలా మరణించాడన్నది దీర్ఘకాలం భారతదేశంలో వదంతులకే వదలివేయబడింది. సోవియట్ యూనియన్ పతనానంతరం దస్త్రాలు పరిశోధకులకు అందసాగాయి. అప్పటికి అక్క సరోజినీ నాయుడు కన్నుమూసి నాలుగు దశాబ్దాలు గడిచాయి. తమ్ముడు హరీంద్రనాథ్ 1990లో మరణించాడు. చరిత్రకారుడు నీరద్ బరువా వ్రాసిన చట్టో జీవిత చరిత్ర 2004లో వెలువడింది.