కోనకొండ్ల ముని కుందకుందాచార్యులు

మన సోమందేపల్లికి పక్కనే ఉన్న పెనుకొండలో పార్శ్వనాథుని జైన గుడి ఉంది కదా. ఆ జైనులు, ముఖ్యంగా దిగంబరులు, మహావీరుడు, గౌతముడు అని తలుచుకొని మూడో పేరుగా తలుచుకునే గురువు మన పాత అనంతపురం జిల్లావాడే. ఆయనే కుందకుందాచార్యులు.

గుంతకల్లు దగ్గర కోనకొండ్ల ఆయన ఊరని చెప్తారు. పూర్వం దాన్ని కొండకుంద అనేవాళ్ళు. దీక్షా నామం పద్మనంది అయినా ఊరి పేరే ఆయనకు పేరైపోయింది. రెండు వేల ఏళ్ళ కిందటివాడని జైనుల నమ్మకం. కొందరు పండితులు ఇంకా తర్వాతివాడంటారు. తల వంచుకొని చదివి చదివి మెడ వంగిపోయిందంట, అందుకే వక్రగ్రీవుడని ఇంకో పేరు.

ఆయన పోయిన జన్మలో పశువుల కాపరి అని ఒక కథ ఉంది. ఒకసారి అడవి అంతా కాలిపోయింది. నడుమ కొన్ని చెట్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. పోయి చూస్తే అక్కడ శాస్త్ర గ్రంథాలు! తనకు చదువు రాకపోయినా భద్రంగా దాచి ఒక మునికి ఇచ్చినాడు. ఆ పుణ్యంతోనే మళ్ళీ పుట్టి ఆచార్యుడైనాడంట. కథే అనుకోండి, అయినా గొర్రెలు కాసిన మనకు నచ్చకుండా ఉంటుందా?

ఆయన రాసిన వాటిలో పెద్ద పేరున్నది సమయసారం. సంస్కృతంలో కాదు, ప్రాకృతంలో రాసినాడు. ఆత్మ వేరు, దానికి అంటుకున్న కర్మ వేరు అని అందులో చెప్తాడు. ఇంత లోతు మాట అందరికీ ఎట్లా ఎక్కుతుంది? పరాయి భాషవానికి వాని భాషలోనే చెప్పాలి, లేకుంటే అర్థం కాదు, అట్లాగే పరమ సత్యాన్ని కూడా లోకం మాటల్లోనే చెప్పాలి అంటాడు. ఇంట్లో సుగాలి, ఎరుకల మాటలాడి ఒకటో తరగతిలో తెలుగు అర్థంకాక బిత్తరపోయిన మనకు ఈ పోలిక వేరే వివరించాల్సిన పని లేదు.

కోనకొండ్ల దగ్గరి గుట్ట మీద తల పైన గొడుగులతో నిలబడిన తీర్థంకరుల విగ్రహాలు, శాసనాలు ఉన్నాయి. జైన మునులు ఎప్పుడో పోయినారు. కానీ ఊరివాళ్ళు ఆ విగ్రహాలను పారేయలేదు. పాదరసంతో బంగారం చేసే రససిద్ధులని పేరు పెట్టి మొక్కుకున్నారు. ఇంగ్లాండులో కూడా ఇట్లాంటిది జరిగింది. రాజు ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు 1540లో ట్యూక్స్‌బరీ మఠం కూడా మూతపడింది. ఊరివాళ్ళు 453 పౌండ్లు కట్టి దాని చర్చిని తమ ఊరి చర్చిగా నిలుపుకున్నారు. అక్కడ డబ్బు కట్టినారు, ఇక్కడ పేరు మార్చినారు. ఈ పొద్దుకీ దాన్ని రససిద్ధుల గుట్ట అనే అంటారు.