బడిపంతులు బిడ్డ షూబర్ట్: ఆరువందల పాటల జీవితం

బడిపంతులు కుమారుడిగా పుట్టి, తానూ కొంతకాలం పసిపిల్లలకు అక్షరాలు దిద్దించి, ముప్పై ఒకటవ ఏటనే కన్నుమూసిన సంగీతకారుడు ఫ్రాంజ్ షూబర్ట్. ఆయన స్వరపరచిన జర్మను పాటలు ఆరువందలకు పైబడి ఉన్నాయి. ఆ పాటలలో పియానో కేవలం పక్కవాద్యం కాదు. కథను మోసే రెండవ గొంతు అది.

షూబర్ట్ 1797 జనవరి 31న ఆస్ట్రియా రాజధాని వియన్నా శివారులో జన్మించారు. తండ్రిది మొరేవియా ప్రాంతం, తల్లిది సైలీషియా. ఇద్దరూ బ్రతుకుతెరువు కోసం పుట్టిన ఊళ్లు విడిచి వియన్నా చేరినవారే. ఆ దంపతులకు పద్నాలుగు మంది సంతానం కలుగగా ఐదుగురు మాత్రమే పెరిగి పెద్దవారయ్యారు. ఇల్లే బడి, బడే ఇల్లు. తండ్రి వయొలిన్, అన్న పియానో నేర్పారు. చక్కని గాత్రం ఉన్నందున 1808లో రాజాస్థానపు ప్రార్థనా మందిరంలో గాయక బాలుడిగా ఎంపికై, వసతితో కూడిన విద్యాలయంలో చేరారు. అక్కడ స్వరాలు వ్రాసుకొనుటకు కాగితం కూడా కరవైతే, స్పౌన్ అనే పెద్ద విద్యార్థి కొని ఇచ్చేవాడు. 1812లో తల్లి మరణించింది. ఆ ఏడే గొంతు మారింది.

తండ్రి కోరిక మేరకు షూబర్ట్ ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1814లో తండ్రి బడిలోనే సహాయ ఉపాధ్యాయులుగా చేరారు. కొడుకుకు నిలకడైన జీతం ఉండాలని తండ్రి కోరడంలో తప్పేమీ లేదు. అయితే ఆ ఏడు అక్టోబరు 19న, పదిహేడేళ్ల ఆ పంతులు మహాకవి గోథే కావ్యంలోని గ్రెచెన్ పాటకు స్వరం కట్టారు. రాట్నం ముందు కూర్చున్న కన్నె తన ప్రియుని తలచుకుంటుంది. పియానోలో రాట్నం తిరుగుతూనే ఉంటుంది; ప్రియుని ముద్దు గుర్తుకు రాగానే చక్రం ఆగిపోతుంది; పిదప తడబడుతూ మళ్లీ కదులుతుంది. మరుసటి ఏడు, 1815లో, బడి పని చేస్తూనే నూటికి మించి పాటలు రచించారు.

మిత్రులు ఆయన పాటలను 1816లో గోథేకు పంపగా, ఆ ప్రతులు ఒక్క మాట లేకుండా తిరిగి వచ్చాయి. అదే ఏడు లైబాఖ్ పట్టణంలో సంగీత ఉపాధ్యాయ పదవికి చేసిన దరఖాస్తూ ఫలించలేదు. అయినను 1818 నాటికి షూబర్ట్ తండ్రి బడిని విడిచిపెట్టారు. నాటి నుండి మిత్రుల ఇండ్లే ఆయనకు తరచు ఆశ్రయమయ్యాయి. మిత్రులు చందాలు వేసుకొని అచ్చు వేయించిన ఎర్ల్‌కోనిగ్ పాట 1821లో వెలువడి పేరు తెచ్చింది. మరుసటి ఏటి చివరిలో సోకిన తీవ్ర వ్యాధి ఆయనను చివరిదాకా వదలలేదు.

1827 మార్చిలో బీథోవెన్ మరణించగా, అంతిమయాత్రలో దివిటీ పట్టినవారిలో షూబర్ట్ ఒకరు. ఆ సంవత్సరమే విల్‌హెల్మ్ ముల్లర్ కవితలకు ఇరవై నాలుగు పాటల వింటర్‌రైజ, అనగా శీతకాల ప్రయాణం, రచించారు. మొదట విన్న మిత్రులు ఆ చీకటికి కలవరపడ్డారు. తనకు మాత్రం అవే అన్నిటికంటె ప్రియమని, వారికీ ఒకనాడు నచ్చుతాయని ఆయన చెప్పారట.

తొలి పాటలో ప్రేమ విఫలమైన యువకుడు మంచు రాత్రి ఊరు విడిచి పోతాడు. లయ మధ్యమ కాలం. పియానో సమానమైన అడుగులు వేస్తుంది. శ్రుతి డి మైనరు. మూడు చరణాలు ఈ నీడలోనే సాగి, నిద్రించే ప్రియురాలికి భంగం కలుగకూడదని తలచే నాలుగవ చరణంలో పాట డి మేజరుకు మారుతుంది. మన పరిభాషలో చెప్పాలంటే సాధారణ గాంధారం అంతర గాంధారమవుతుంది. మేజరు సాధారణంగా సంతోషానికి గుర్తు అంటారు. ఇక్కడ మాత్రం ఆ వెలుగే మరింత బాధిస్తుంది. చివరి మాటల వద్ద మైనరు తిరిగి వస్తుంది.

ఆఖరి పాటలో ఊరి చివర ఒక ముసలి వాద్యగాడు మంచు మీద వట్టి పాదాలతో నిలిచి వాయిస్తుంటాడు; అతని పళ్లెం ఖాళీ. పియానో ఎడమచేతిలో షడ్జమ పంచమాలు మాత్రమే మ్రోగుతాయి. మన వీధి భాగవతులలో తిత్తి శ్రుతి విన్నవారికి ఈ ధ్వని కొత్త కాదు. దీనిని షూబర్ట్ బి మైనరులో వ్రాయగా, అచ్చులో ఎ మైనరుగా వచ్చింది.

గాయకులు తమ గొంతుకు తగినట్లు శ్రుతి మార్చుకోవడం ఈ పాటలలో ఆనవాయితీ. హాన్స్ హోటర్ తన మంద్ర గాత్రానికి శ్రుతి తగ్గించి, జెరాల్డ్ మూర్ పియానోతో 1954లో చేసిన రికార్డులో జీవితమంతా నడిచి అలసిన మనిషి వినిపిస్తాడు. పీటర్ పియర్స్ హెచ్చు శ్రుతిలో, బెంజమిన్ బ్రిటెన్ పియానోతో 1963లో చేసిన రికార్డులో గాయం ఇంకా పచ్చిగా ఉన్న యువకుడు వినిపిస్తాడు. పాట ఒకటే. శ్రుతి, నడక మారితే మనిషి వయస్సే మారినట్లుంటుంది.

షూబర్ట్ స్వీయ రచనలతో బహిరంగ కచేరీ జరిపినది ఒక్కసారే, 1828 మార్చి 26న. ఆ నవంబరులో, అన్న ఫెర్డినాండ్ ఇంట మంచం పట్టి కూడా, వింటర్‌రైజ రెండవ భాగపు అచ్చుప్రతులు దిద్దారు. నవంబరు 19న మరణించారు. ఆయన వదిలిన ఆస్తిని అధికారులు 63 గుల్డెన్లుగా లెక్కకట్టారు.

ఫెర్డినాండ్ కూడా బడిపంతులే. తమ్ముని వ్రాతప్రతులను ఆయన పదేళ్లు భద్రపరిచారు. వాటిని చూడవచ్చిన షూమన్‌కు ఒక పెద్ద సింఫనీ కనబడింది; 1839 మార్చిలో మెండెల్‌సన్ దానిని లైప్‌జిగ్‌లో వాయింపజేశారు. ఆ కాగితాల వెల 63 గుల్డెన్ల లెక్కకు అందనిది. ఆ సంగతి ఎరిగి, వాటిని దాచినవాడు ఒక సామాన్య బడిపంతులు.