పసిబిడ్డల ఆటలో బడిని చూచిన విదుషీమణి డాక్టర్ మరియా మాంటిస్సోరి

మాంటిస్సోరి అన్న పేరు మన రాయలసీమకు కొత్తది కాదు. పట్టణాలలో చిన్నపిల్లల బడుల పలకలపై ఆ పేరు కనిపిస్తూనే ఉంటుంది. అయితే అది ఒక వ్యక్తి పేరని, ఆ వ్యక్తి ఒక వైద్యురాలని, ఆమె విద్యావిధానం సంపన్నుల మేడలలో గాక కూలివారి వాడలో పుట్టినదని ఎరిగినవారు కొద్దిమందే. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజులలో ఆమె మద్రాసు నగరంలోనే నివసించి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారని ఎరిగినవారు మరీ అరుదు. బడి ఈడు రాకమునుపే బిడ్డ చేతికి బలపమిచ్చి అక్షరాలు దిద్దించే తొందర హెచ్చిన ఈ కాలంలో ఆ విదుషీమణి జీవితం మనకు తెలియదగినది.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశంలోని కియరవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి ప్రభుత్వోద్యోగి. తల్లి రెనీల్డె చదువుపై మక్కువ గల ఇల్లాలు. ఆ కాలపు ఆడపిల్లలు వెళ్ళని సాంకేతిక పాఠశాలలో మరియా చదివారు. అనంతరం వైద్యవిద్య అభ్యసించాలని సంకల్పించారు. తండ్రికి అది నచ్చలేదు. కళాశాలలో పురుష విద్యార్థుల సరసన నిలిచి శవపరీక్ష చేయుట స్త్రీకి తగదన్న కారణంచేత, అందరూ వెళ్ళిపోయిన తరువాత ఆమె ఒంటరిగా ఆ గదిలో పని చేయవలసి వచ్చింది. ఆ కష్టాలన్నీ ఓర్చుకొని 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టం పొందారు. ఇటలీలో వైద్యులైన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు.

వైద్యురాలిగా ఆమె రోములోని మానసిక చికిత్సాలయాలను సందర్శించేవారు. మానసిక వికాసం మందగించిన పిల్లలను అక్కడ పెద్దవారితోపాటు వట్టి గదులలో ఉంచేవారు. భోజనం ముగిసిన తరువాత ఆ పిల్లలు నేలపై పడిన రొట్టె తునకలను ఏరుకొంటూ ఉండుట ఆమె గమనించారు. అది ఆకలి కాదు, చేతులతో తాకి చూచుటకు ఆ గదిలో మరే వస్తువూ లేకపోవుటయే కారణమని ఆమె గ్రహించారు. ఫ్రాన్సు దేశపు వైద్యులు ఇతార్, సెగాన్ల గ్రంథాలు చదివి, వారి మార్గంలో చేతికి, కంటికి, చెవికి పని కల్పించే ఉపకరణాలు తయారు చేయించారు. 1900లో రోములో ఇట్టి పిల్లల కోసం ఏర్పడిన పాఠశాలకు ఆమె నిర్వాహకులలో ఒకరయ్యారు. వారిలో కొందరు చదువను, వ్రాయను నేర్చి మామూలు పిల్లలతో సమంగా పరీక్షలలో నిలిచారు. లోకమంతా మెచ్చుకొన్నది. మాంటిస్సోరి మనస్సులో మాత్రం వేరొక ప్రశ్న మెదిలింది: ఈ పిల్లలే ఇంత సాధించగలిగితే, ఆరోగ్యవంతులైన పిల్లలు బడులలో ఎందుకు వెనుకబడుతున్నారు? లోపం పిల్లలలో ఉన్నదా, బడిలో ఉన్నదా?

ఈ కాలంలోనే ఆమె స్వంత జీవితంలో ఒక దుఃఖం చోటు చేసుకొన్నది. 1898లో ఆమెకు మారియో అనే కుమారుడు కలిగాడు. వివాహం కాని తల్లిని ఆనాటి సంఘం సహించదు. బిడ్డను పల్లెలో వేరొక కుటుంబంలో ఉంచి పెంచవలసి వచ్చింది. ఆ బాలుడు పదిహేనేండ్ల ప్రాయానికి వచ్చిన తరువాత గాని తల్లి దగ్గర ఉండే భాగ్యానికి నోచుకోలేదు. లోకంలోని పిల్లలందరి గురించి ఆలోచించిన తల్లి తన బిడ్డ బాల్యాన్ని కళ్ళారా చూడలేకపోవుట ఆమె జీవితంలోని విషాదం.

రోము నగరంలో సాన్ లొరెంజో అనేది కూలిజనం నివసించే పేట. అక్కడ ఒక గృహనిర్మాణ సంస్థ పాతభవనాలను బాగుచేసి పేదలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు తెల్లవారగానే పనికి పోతే, బడి ఈడు రాని పిల్లలు మెట్లమీద తిరుగుతూ గోడలు పాడు చేసేవారు. వారిని కాచుటకు ఎవరైనా కావలెనని సంస్థ వారు మాంటిస్సోరిని కోరారు. సంస్థ ఉద్దేశం గోడల రక్షణ. ఆమె దృష్టి పిల్లలమీద. 1907 జనవరి 6వ తేదీన సుమారు 50 మంది పిల్లలతో ఒక గది తెరువబడింది. దాని పేరు ఇటాలియన్ భాషలో కాసా దెయి బంబీని, అనగా బాలల ఇల్లు. బడి అనక ఇల్లు అనుటలోనే ఆమె భావం ఇమిడి ఉన్నది.

అక్కడ ఆమె మొదట చేసిన పని బోధించుట కాదు, గమనించుట. ఒకనాడు మూడేండ్ల బాలిక చెక్కగుళ్ళను వాటికి సరిపడే గుంటలలో అమర్చుతున్నది. చుట్టూ పిల్లలు పాటలు పాడినా, ఆ బాలికను కుర్చీతో సహా ఎత్తి వేరొకచోట కూర్చోబెట్టినా ఆమె దృష్టి చెదరలేదు. నలభైసార్లకు పైగా అదే పని చేసి, తనకు తానే ముగించి, తృప్తిగా తలయెత్తి చూచినది. పసిపిల్లలకు నిలకడ లేదన్న నమ్మకం తప్పని ఆనాడు మాంటిస్సోరికి తెలిసివచ్చింది. తమకు తగిన పని దొరకనంతవరకే వారికి నిలకడ ఉండదు.

మరొకనాడు ఆమె పిల్లలకు చేతిరుమాలుతో చప్పుడు కాకుండా ముక్కు తుడుచుకొనే విధం చూపించారు. పిల్లలు నవ్వలేదు, చప్పట్లు కొట్టారు. ముక్కు కారుతున్నదని వారిని నిత్యం కసిరినవారే గాని, ఎట్లా తుడుచుకోవలెనో ఓపికతో చూపినవారు అంతవరకు ఎవరూ లేరు. పిల్లలకు ఖరీదైన ఆటబొమ్మలు కూడా ఇచ్చి చూచారు. వారు వాటిని పక్కనబెట్టి, ఊడ్చుట, నీళ్ళు పోయుట, బొత్తాలు పెట్టుకొనుట, బల్ల తుడుచుట వంటి నిజమైన పనుల వైపే మొగ్గారు. పెద్దలకు ఆటకు, పనికి మధ్య గోడ ఉన్నది. పసిబిడ్డకు ఆ గోడ లేదని ఆమె కనుగొన్నారు.

ఈ పనులకు, చదువుకు గల సంబంధమే ఆమె విధానంలోని ఆయువుపట్టు. చెంబులోని నీటిని ఒలకకుండా గిన్నెలో పోసే బిడ్డకు మణికట్టు నిలుస్తుంది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు కలిపి పట్టుకొనే చెక్కగుళ్ళతో ఆడిన చేతికి రేపు కలం పట్టుట కష్టం కాదు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను వ్రేలితో తడిమి, వాటి ధ్వనిని పలికిన పిల్లలు కొద్ది మాసాలకే, నాలుగైదేండ్ల వయస్సులో, తమంతట తామే వ్రాయసాగారు. దండించి దిద్దించినవారు ఎవరూ లేరు. చేయి ముందు సిద్ధమైనది. అక్షరం తరువాత వచ్చినది.

ఈ దృష్టితో మన ఇండ్లను చూచిన ఎంత సంపద కనబడుతుంది! జొన్నలను, కందులను కలిపి ఇచ్చి వేరుచేయమన్న బిడ్డ వర్గీకరణ నేర్చుకొంటున్నది. వామనగుంటలలో ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క చింతగింజ వేయు బాలిక లెక్కకు పునాది వేసుకొంటున్నది. ముస్లిం కుటుంబాలలో దస్తర్‌ఖాన్ పరచి, కూర్చున్నవారికి ఒక్కొక్కరికి ఒక్కొక్క పళ్ళెం పెట్టు బాలుడు అదే గణితాన్ని మరొక విధంగా అభ్యసిస్తున్నాడు. బేతంచెర్ల నాపరాళ్ళు పరచిన అరుగుమీద గీతలు గీసి ఆడే తొక్కుడుబిళ్ల శరీరానికి తూకం నేర్పుతుంది. గింజలు నోటబెట్టుకొనే వయస్సులో పెద్దవారి కన్ను దగ్గర ఉండుట మాత్రం అవసరం. అంతకుమించి ఖర్చు లేదు.

1909లో మాంటిస్సోరి తన విధానాన్ని గ్రంథరూపంలో వెలువరించారు. 1912లో ఆంగ్లానువాదం రాగా ఆమె కీర్తి ఖండాంతరాలకు వ్యాపించింది. 1931లో లండనులో మహాత్మా గాంధీ ఆమెను కలిసికొన్నారు. అయితే ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం మొదట ఆమె బడులను ఆదరించినా, పసిపిల్లలను సైనిక క్రమశిక్షణకు అలవరచగోరి తుదకు ఆమెతో విభేదించింది. 1934 నాటికి అక్కడ ఆమె బడులు మూతపడ్డాయి. స్పెయిను చేరగా 1936లో అంతర్యుద్ధం తరిమింది. చివరకు హాలెండులో తలదాచుకొన్నారు.

అట్టి సమయంలో దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షులు జార్జి అరండేల్ ఆహ్వానంపై, 1939 నవంబరులో, 69 ఏండ్ల వయస్సులో ఆమె కుమారునితో మద్రాసు చేరారు. అడయారులో సుమారు 300 మంది ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించారు. ఆమె ఇటాలియన్ భాషలో ఉపన్యసించగా మారియో ఆంగ్లంలోకి అనువదించేవారు. 1940 జూనులో ఇటలీ యుద్ధంలో చేరగానే బ్రిటిషు ప్రభుత్వం వారిని శత్రుదేశీయులుగా పరిగణించి మారియోను అహమ్మదునగరు నిర్బంధ శిబిరానికి పంపింది. బాల్యంలో ఎడబాసిన బిడ్డ ముదిమిలో మరల దూరమయ్యాడు. అయితే ఆ ఏడాది ఆగస్టు 31న, ఆమె డెబ్బదవ జన్మదినాన, వైస్రాయి జన్మదిన కానుకగా ఆమె కుమారుని విడుదల చేస్తున్నట్లు తంతి పంపారు. అంతవరకు లోకం ఎదుట చుట్టంగా చెప్పబడిన మారియోను ఆ తంతి ఆమె కుమారుడనే పేర్కొన్నది.

యుద్ధం ముగియువరకు ఆమె మన దేశంలోనే ఉండిపోయారు. కొడైకెనాల్, అహమ్మదాబాదు, కరాచీ మొదలైన చోట్ల శిక్షణలు నడిపి వేయి మందికి పైగా ఉపాధ్యాయులను తయారు చేశారు. పసిబిడ్డ మనస్సు పరిసరాలలోని మాటను, నడవడిని తనకు తెలియకుండానే పీల్చుకొంటుందన్న సిద్ధాంతాన్ని ఇక్కడి ఉపన్యాసాలలోనే విపులీకరించారు. ఆ గ్రంథం 1949లో మద్రాసులోనే అచ్చయినది. 1946లో ఐరోపా వెళ్ళి, మన కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ గారు ఉస్మానియా కళాశాలను స్థాపించిన 1947లోనే ఆమె మరల భారతదేశానికి వచ్చి, 1949 వరకు కృషి సాగించారు. 1952 మే 6వ తేదీన హాలెండులోని నూర్ద్‌విక్ పట్టణంలో కన్నుమూశారు.

మాంటిస్సోరి విధానంపై విమర్శలు లేకపోలేదు. కల్పిత కథలకు, ఊహతో ఆడే ఆటలకు ఆమె తగిన చోటు ఇవ్వలేదని కొందరు విద్యావేత్తలు అన్నారు. అవ్వ చెప్పే కథలతో, నానీమా చెప్పే కథలతో పెరిగిన మనకు ఆ విమర్శ సబబుగానే తోచవచ్చు. ఆమె ఉపకరణాల ఖరీదు మరొక చిక్కు. కూలివారి పిల్లల కోసం పుట్టిన విధానం పెక్కుచోట్ల కలిగినవారి సొత్తయినది. ఈ చిక్కును విప్పినవారు మన దేశీయులే. న్యాయవాద వృత్తిని వదలి 1920లో భావనగరంలో బాలమందిరం తెరచిన గిజుభాయి బధేకా, మాంటిస్సోరి మద్రాసు రాకకు కొన్ని మాసాల ముందే 1939లో మరణించారు. ఆయన సహచరి తారాబాయి మోడక్ 1945 నుండి బోర్డి, కోస్బాడ్ గ్రామాలలో ఆకులు, గులకరాళ్ళు, గవ్వలు, పూసలే ఉపకరణాలుగా ఆదివాసి పిల్లల ఇంటి ముంగిటికే బడిని తీసుకొనిపోయారు. ముంగిలిలోని ఆ బడియే అంగన్‌వాడి. 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో ఆ పేరు దేశంలోని ప్రతి పల్లెకూ తెలిసింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వరకు ఆటలద్వారానే చదువు సాగవలెనని నిర్దేశించింది.

అయినను మన సీమలో పని మిగిలియున్నది. వానలు తప్పిన ఏట ఆదోని, కోసిగి ప్రాంతాల కుటుంబాలు మిరపకోతలకు, కట్టడపు పనులకు వలసపోతాయి. పసిబిడ్డలు వెంట పోతారు, లేదా ముసలివారి వద్ద మిగులుతారు. సాన్ లొరెంజో మెట్లమీద తిరిగిన పిల్లలు వీరే. ఇక పట్టణాలలో మూడేండ్ల బిడ్డకు అక్షరాలు రాలేదని కలతచెందే తల్లిదండ్రులు ఉన్నారు. ఒకచోట బిడ్డకు పట్టించుకొనేవారు లేరు. మరొకచోట బిడ్డను ఆడనిచ్చేవారు లేరు.

విద్యార్థినీ విద్యార్థులారా! మనలో పెక్కుమంది మన కుటుంబాలలో కళాశాల గడప తొక్కిన మొదటివారము. ఇంటిలో చిన్న తమ్ముడో, చెల్లెలో, అక్క బిడ్డో ఉండకపోరు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ బిడ్డ చేతికి ఒక చిన్న చెంబు, గిన్నె ఇచ్చి, ఎట్లా పోయవలెనో ఒకసారి నెమ్మదిగా చూపి, పక్కన కూర్చుండి గమనించండి. నీళ్ళు ఒలికిన కసరవద్దు. తుడుచుటకు గుడ్డ ఇవ్వండి. ఊరి అంగన్‌వాడికి పోయి అక్కడి కార్యకర్తకు ఒక పూట తోడుగా నిలువండి. మరియా మాంటిస్సోరికి మనం అర్పించగల నివాళి అదియే.